చిన్న ఆశ్రయ గృహాలలో నివసించేవారి భద్రత – చట్టం, తనిఖీ, ఆచరణ

ప్రత్యేక వ్యాసం

తమిళనాడు రాష్ట్రం, రామనాథపురం జిల్లా, ఎర్వాడిలో 2001 ఆగస్టు 6వ తేదీ తెల్లవారుజామున ఒక ప్రైవేటు మానసిక రోగుల గృహంలో అగ్నిప్రమాదం సంభవించింది. రోగులు నిద్రించే పాకకు నిప్పంటుకున్నప్పుడు వారిలో అత్యధికులు గొలుసులతో బంధింపబడి ఉన్నందున లేచి వెలుపలికి రాలేకపోయారు. 28 మంది ప్రాణాలు కోల్పోయారు. పత్రికలలో వచ్చిన వార్తలను ఆధారంగా చేసుకొని సుప్రీంకోర్టు ఈ విషయమై తనంత తానుగా విచారణ చేపట్టింది. తొలి సమాచారం ప్రకారం మృతుల సంఖ్య 25 కావడం వలన, న్యాయస్థాన రికార్డులలో ఆ వ్యాజ్యం నేటికీ '25 మంది బంధిత రోగుల మరణం' అన్న పేరుతోనే ఉన్నది.

ఎర్వాడి దర్గాను దర్శించినచో మనోవ్యాధులు నయమగునన్న విశ్వాసంతో దూర ప్రాంతాల నుండి కుటుంబాలు తమ వారిని అక్కడకు తీసుకువచ్చేవి. నెలల తరబడి అక్కడే ఉండగల స్తోమత లేనివారు రోగిని ఏదో ఒక గృహంలో అప్పగించి, నెలకు ఇంత అని చెల్లించి వెళ్ళిపోయేవారు. ఈ విధంగా దర్గా పరిసరాలలో చిన్న చిన్న గృహాలు వెలిశాయి. అప్పటికే మానసిక ఆరోగ్య చట్టం–1987 అమలులో ఉన్నది. లైసెన్సు లేకుండా మానసిక రోగులను చేర్చుకొనుట ఆ చట్టం ప్రకారం నేరం. చట్టం ఉన్నప్పటికీ ఆ పాకల వరకు అది చేరలేదు. ప్రమాదం జరిగిన వారం రోజులకు, 2001 ఆగస్టు 13న, ఆ తరహా గృహాలన్నింటినీ మూసివేసి 500 మందికి పైగా రోగులను ప్రభుత్వ సంరక్షణలోకి తీసుకొనడం జరిగింది. 2002 ఫిబ్రవరి 5వ తేదీ నాటి ఉత్తర్వులో సుప్రీంకోర్టు, నమోదు లేని ఇటువంటి గృహాలను గుర్తించేందుకు అన్ని రాష్ట్రాలలో సర్వే జరుపవలెనని ఆదేశించింది.

ఈ సంఘటన జరిగి రెండు దశాబ్దాలు దాటింది. అయినను పది మంది నుండి యాభై మంది వరకు నివసించే చిన్న గృహాల విషయంలో జిల్లా యంత్రాంగం ఎదుర్కొనే ప్రశ్నలు నాటివే. అట్టి గృహం ఏ శాఖ పరిధిలోనిది? దానిని ఎవరు నమోదు చేయవలెను? తనిఖీకి వెళ్ళిన అధికారి అక్కడ ఏమి చూడవలెను? ఈ అంశాలపై ప్రస్తుతం అమలులో ఉన్న చట్టాలను, ఆచరణలోని లోటుపాట్లను పాత్రికేయులకు, క్షేత్రస్థాయి అధికారులకు వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

గృహం ఒకటే, చట్టాలు నాలుగు

అద్దె ఇంటిలో ఒక స్వచ్ఛంద సంస్థ ఇరవై మందికి ఆశ్రయం కల్పిస్తున్నదనుకొందాం. వారు పిల్లలైనచో బాలల న్యాయం (సంరక్షణ, రక్షణ) చట్టం–2015 వర్తిస్తుంది. మానసిక అస్వస్థత గలవారైనచో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం–2017, ఇతర వైకల్యం గలవారైనచో దివ్యాంగుల హక్కుల చట్టం–2016, అరవై ఏండ్లు నిండినవారైనచో తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం–2007 వర్తిస్తాయి. ఒకే ఇంటిలో అనాథ బాలిక, వృద్ధురాలు, మతిస్థిమితం లేని మహిళ కలిసి ఉండటం చిన్న గృహాలలో అరుదేమీ కాదు. అట్టి సందర్భంలో ఒక శాఖ అధికారి మరొక శాఖవైపు చూపుట, చివరకు ఎవరి రిజిస్టరులోను ఆ ఇల్లు కనిపించకపోవుట జరుగుతున్నది. చట్టరీత్యా అక్కడ ఉన్న ప్రతి వర్గానికి ఆయా చట్టం వేరువేరుగా వర్తిస్తుంది. ఒక నమోదు ఉన్నంత మాత్రాన రెండవది అవసరం లేదన్న వాదన సాధారణంగా చెల్లదు. మానసిక ఆరోగ్య చట్టం కింద చెల్లుబాటు అయ్యే లైసెన్సు ఉన్న సంస్థకు మాత్రం దివ్యాంగుల చట్టం కింద మరల నమోదు అక్కరలేదని ఆ చట్టమే మినహాయింపు ఇచ్చింది.

పిల్లల విషయంలో చట్టం అత్యంత స్పష్టంగా ఉన్నది. సంరక్షణ అవసరమైన పిల్లలకు పూర్తిగాగాని, పాక్షికంగాగాని ఆశ్రయమిచ్చే ప్రతి సంస్థ, ప్రభుత్వ గ్రాంటు పొందినా పొందకున్నా, 41వ సెక్షన్ ప్రకారం నమోదు కావలసిందే. నమోదు ఐదేండ్ల కాలానికి చెల్లుతుంది. నమోదు లేకుండా నడిపే నిర్వాహకునికి ఒక సంవత్సరం వరకు జైలు, లేదా లక్ష రూపాయలకు తగ్గని జరిమానా, లేదా రెండును విధించవచ్చును. దరఖాస్తు చేయుటలో జరిగే ప్రతి ముప్పది రోజుల జాప్యం ప్రత్యేక నేరంగా పరిగణింపబడుతుంది. 2021లో చేసిన సవరణతో ఈ వ్యవస్థ పర్యవేక్షణలో జిల్లా మేజిస్ట్రేటు పాత్ర గణనీయంగా పెరిగింది. అనగా మన జిల్లాలలో కలెక్టరు బాధ్యత పెరిగినట్లు.

చట్టం స్పష్టంగా ఉండుట వేరు, గృహాలు దాని పరిధిలోకి వచ్చుట వేరు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2016–17లో దేశవ్యాప్తంగా జరిపించిన గణనలో 9,589 బాలల గృహాలు గుర్తింపబడ్డాయి. వాటిలో సుమారు 91 శాతం స్వచ్ఛంద సంస్థలు నడుపుతున్నవే. కొత్త చట్టం కింద నమోదైనవి అప్పటికి మూడింట ఒక వంతుకు మించలేదు. తమిళనాడులోని అనాథాశ్రమాలలో పిల్లల దోపిడీకి సంబంధించిన వ్యాజ్యంలో 2017 మే 5న వెలువరించిన తీర్పులో సుప్రీంకోర్టు, దేశంలోని బాలల గృహాలన్నింటి నమోదును ఆ సంవత్సరాంతానికి పూర్తి చేయవలెనని గడువు విధించవలసి వచ్చింది.

ఇక్కడ అధికారులు గమనించవలసిన మెలిక ఒకటి కలదు. 'ఆశ్రమం', 'అనాథ శరణాలయం' అన్న బోర్డు ఉంటే నమోదు అడుగుతారన్న సంగతి నిర్వాహకులకు తెలిసిన తరువాత, అదే ఇంటికి 'హాస్టల్' అనియో 'ట్యూషన్ కేంద్రం' అనియో పేరు మార్చుట మొదలైనది. తల్లిదండ్రులు ఉన్న పిల్లలే కదా అన్న సమాధానం వెంటనే వస్తుంది. బోర్డు మీది పేరుతో చట్టానికి నిమిత్తం లేదు. ఆ పిల్లలు ఏ పరిస్థితులలో అక్కడకు వచ్చారు, వారిని ఎవరు తీసుకువచ్చారు, బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరిచారా అన్నవే అడగవలసిన విషయాలు. ఒంటరిగా కనిపించిన బిడ్డ గురించి 24 గంటలలోగా తెలియజేయవలెనని, తెలియజేయకపోవుట శిక్షార్హమని అదే చట్టం చెబుతున్నది.

మానసిక అస్వస్థత గలవారి గృహాలకు 2018 మే 29 నుండి అమలులోకి వచ్చిన 2017 నాటి చట్టం వర్తిస్తుంది. రోగులు నివసించే స్థలం ఏదైనను, అది ఆసుపత్రి అయినా, ప్రార్థనా స్థలం పక్కనున్న షెడ్డు అయినా, కుటుంబ సభ్యులతో కలిసి ఉండే సొంత ఇల్లు తప్ప మిగిలినవన్నీ 'మానసిక ఆరోగ్య సంస్థ' నిర్వచనం కిందికి వస్తాయి. రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ వద్ద నమోదు తప్పనిసరి. నమోదు లేనిచో మొదటిసారి ఐదు వేల నుండి యాభై వేల రూపాయల వరకు, రెండవసారి రెండు లక్షల వరకు, ఆ పైన ఐదు లక్షల వరకు జరిమానా విధించవచ్చును. ఏ విధంగానైనను రోగిని గొలుసులతో బంధించుటను 95వ సెక్షన్ పూర్తిగా నిషేధించింది. ఇది ఎర్వాడి మృతుల తరువాత పదహారు సంవత్సరాలకు చట్టంలో చేరిన వాక్యం. ఆ తరువాత కూడా, ఉత్తరప్రదేశ్‌లోని బదాయూఁలో ఒక విశ్వాస చికిత్సా కేంద్రంలో రోగులు గొలుసులతో ఉన్నట్లు వెలుగులోకి రాగా, 2019 జనవరిలో సుప్రీంకోర్టు జోక్యం చేసుకొనవలసి వచ్చింది.

వృద్ధుల గృహాల విషయానికి వచ్చేసరికి చట్టంలోనే ఖాళీ కనిపిస్తుంది. నిరుపేద వృద్ధుల కొరకు ప్రతి జిల్లాలో కనీసం 150 మందికి సరిపడు ఒక గృహాన్ని దశలవారీగా రాష్ట్ర ప్రభుత్వం నెలకొల్పవచ్చునని 2007 నాటి చట్టం 19వ సెక్షన్ పేర్కొంటున్నది. అట్టి గృహాల నిర్వహణ, ప్రమాణాలపై పథకం రూపొందించుకొనే అధికారం రాష్ట్రాలకు ఇచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లో ఈ చట్టం కింద నియమావళిని తెచ్చింది. కాని ఒక ప్రైవేటు వ్యక్తి రెండంతస్తుల ఇల్లు అద్దెకు తీసుకొని, నెలవారీ రుసుముపై ఇరవై మంది వృద్ధులను చేర్చుకొన్నచో, ఆ ఇల్లు ఫలానా చోట నమోదు కావలెనని కేంద్ర చట్టంలో ఎక్కడా లేదు. ఈ లోటును పూరించుటకు 2019 డిసెంబరులో లోక్‌సభలో ప్రవేశపెట్టిన సవరణ బిల్లు వృద్ధుల సంరక్షణ గృహాలకు నమోదును, కనీస ప్రమాణాలను ప్రతిపాదించింది. స్థాయీ సంఘం పరిశీలించినప్పటికీ బిల్లు ఆమోదం పొందలేదు. 2024లో లోక్‌సభ రద్దుతో అది మురిగిపోయింది. పిల్లలు విదేశాలలోనో దూర నగరాలలోనో స్థిరపడిన కుటుంబాలు తెలుగు రాష్ట్రాలలో పెరుగుతున్న కొలది ఇట్టి గృహాల అవసరమూ పెరుగుతున్నందున, ఈ ఖాళీ ప్రాముఖ్యం చిన్నది కాదు.

నిప్పు, తాళం, రాత్రి

అగ్నిప్రమాదాలలో మంట కంటె పొగయే ముందుగా ప్రాణాలు తీస్తుంది. నిద్రలో ఉన్నవారు పొగవాసనకు మేల్కొంటారన్న నమ్మకం సరికాదు. ఊపిరి ఆడక స్పృహ తప్పుటకు కొద్ది నిమిషాలు చాలును. అందుచేత చిన్న గృహంలో అసలు ప్రశ్న, రాత్రి రెండు గంటలకు పొగ లేచినచో లోపలివారు ఎంతసేపటిలో బయటపడగలరన్నది.

దీనికి సమాధానం తాళంచెవి వద్ద దొరుకుతుంది. నివాసులు 'పారిపోకుండా' రాత్రిపూట ముఖద్వారానికి, వరండా గ్రిల్లుకు తాళం వేయుట చిన్న గృహాలలో సర్వసాధారణం. తాళంచెవి వార్డెను గదిలోనో, మేడమీద నివసించే నిర్వాహకుని వద్దనో ఉంటుంది. కిటికీలకు ఊచలు. రెండవ ద్వారం ఉన్నచోట దానికి అడ్డముగా బియ్యపు బస్తాలు, పాత పరుపులు. నేషనల్ బిల్డింగ్ కోడ్ అనాథ శరణాలయాలను, వృద్ధుల గృహాలను ఆసుపత్రులతోపాటు 'సంస్థాగత భవనాల' వర్గంలో చేర్చింది. ఇందుకు కారణం లోపలివారు తమంతట తాము త్వరగా బయటకు రాలేరన్నదే. అయితే ఇల్లుగా కట్టిన ఇంటిలో గృహం నడుస్తున్నప్పుడు ఈ వర్గీకరణ ఎవరికీ గుర్తుకు రాదు. అగ్నిమాపక శాఖ అనుమతులు సాధారణంగా భవనం ఎత్తు, స్థల విస్తీర్ణం ఆధారంగా ఉంటాయి. రెండంతస్తుల అద్దె ఇల్లు ఆ కొలతలకు అందదు. కావున అనుమతి పత్రం కోసం అడుగుట కన్న, అగ్నిమాపక కేంద్రం నుండి ఒక అధికారిని వెంట తీసుకొనివెళ్ళి ఇంటిని చూపించుట జిల్లా అధికారులకు ఎక్కువ ఉపయోగకరం.

చేయవలసినవి ఖరీదైనవి కావు. ప్రతి అంతస్తులో ఒక కిటికీ ఊచలను లోపలి నుండి తెరువగల తలుపుగా మార్పించవచ్చును. తాళం తప్పనిసరి అన్నచోట తాళంచెవి రాత్రి విధులలో ఉన్న వ్యక్తి మెడలో ఉండవలెను, ఆ వ్యక్తి అదే అంతస్తులో మెలకువగా ఉండవలెను. గ్యాసు సిలిండరు నిద్రించే గదికి ఆనుకొని, మెట్ల కింద, గాలి వెలుతురు లేని మూలలో ఉండరాదు. తాటాకు, కొబ్బరాకు కప్పులు వంటగదికి సైతం పనికిరావు. 2004 జులై 16న కుంభకోణంలో ఒక పాఠశాల వంటపాక నుండి లేచిన నిప్పు 94 మంది పిల్లలను బలిగొన్న సంగతి విదితమే. విద్యుత్ బోర్డు వద్ద లీకేజీ కరెంటును పసిగట్టి సరఫరాను తక్షణం నిలిపివేసే 30 మిల్లీఆంపియర్ల రక్షక పరికరం అమర్చినచో షాకు మరణాలను, కొంతమేరకు తీగల నుండి లేచే మంటలను నివారించవచ్చును. పొడితో పనిచేసే మంటలార్పు పరికరం గోడకు వేలాడుతూ ఉన్నంత మాత్రాన చాలదు. దాని సూచిక ఆకుపచ్చ గీతలో ఉన్నదో లేదో చూచి, వంటమనిషిని పిలిచి పిన్ను ఎట్లు లాగవలెనో చేసి చూపమని అడగవలెను. చాలా గృహాలలో ఆ పరికరాన్ని దింపుటకు కుర్చీ కావలసి వస్తున్నది.

మంచంపట్టినవారు, చక్రాల కుర్చీలో ఉన్నవారు ఎల్లప్పుడును నేల అంతస్తులోనే ఉండవలెను. ఇది చెప్పనవసరం లేని విషయంగా తోచవచ్చును. కాని నేల అంతస్తులోని గదులు కార్యాలయానికి, సందర్శకులకు, దాతల ఫోటోలకు కేటాయించి రోగులను మేడపైకి చేర్చుట కొన్నిచోట్ల కనిపిస్తుంది.

అన్నం, నీరు

ఆంధ్రప్రదేశ్‌లోని అనకాపల్లి జిల్లా కోటవురట్ల మండలం కైలాసపట్నంలో 2024 ఆగస్టులో, ఒక ప్రైవేటు వసతి గృహంలోని గిరిజన పిల్లలు బయటి నుండి వచ్చిన ఆహారం తిని అస్వస్థులయ్యారు. వారిలో కొందరు చిన్నారులు మరణించారు. ఈ సంఘటన తరువాత రాష్ట్రంలో అనుమతులు లేని వసతి గృహాల ప్రశ్న మరొకసారి ముందుకు వచ్చింది.

చిన్న గృహాలకు అన్నదానం పెద్ద ఆధారం. పుట్టినరోజు, పెండ్లిరోజు, వర్ధంతి సందర్భంగా దాతలు ఒక పూట భోజనం పెట్టించుట మన సమాజంలో గౌరవప్రదమైన ఆచారం. దానిని నిరుత్సాహపరచవలసిన అవసరం లేదు. ఇబ్బంది ఎక్కడ వచ్చుచున్నదనగా, విందులో మిగిలినది సాయంత్రానికి గృహానికి చేరుతున్నది. వండిన ఆహారం 60 డిగ్రీల సెంటీగ్రేడు కంటె వేడిగానైనను, 5 డిగ్రీల కంటె చల్లగానైనను ఉండవలెను. ఈ రెంటి నడుమ గంటల తరబడి ఉన్న మాంసాహారం, అన్నం, బంగాళాదుంప కూర, పాల వంటకాలలో సూక్ష్మజీవులు వేగంగా వృద్ధి చెందుతాయి. మధ్యాహ్నం రెండింటికి దింపిన బిర్యానీ ఆగస్టు ఉక్కలో రాత్రి ఎనిమిదింటికి పిల్లల పళ్ళెంలోకి వచ్చినప్పుడు దానికి వాసన రాకపోవచ్చును, రుచి మారకపోవచ్చును. దాత పేరు, వండిన సమయం, తెచ్చిన సమయం ఒక పుస్తకంలో వ్రాయుట, వడ్డించుటకు ముందు ఒక పెద్దవారు రుచి చూచుట, ప్రతి పదార్థం నమూనాను ఒకరోజు పాటు ఫ్రిజ్‌లో భద్రపరచుట అలవాటు చేసుకొన్న గృహాలలో కనీసం ఏమి జరిగినదో వైద్యునికి చెప్పగలుగుతారు. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం–2006 ప్రకారం 'ఆహార వ్యాపారం' అన్న మాటకు లాభాపేక్షతో నిమిత్తం లేదు. ఉచితంగా వండిపెట్టే వంటశాల సైతం ఆహార భద్రతాధికారి పరిశీలన పరిధిలోనిదే.

నీటి విషయంలో ట్యాంకు మూత ఎత్తి చూచుట ఒక్కటే చాలావరకు సమాధానం చెబుతుంది. త్రాగునీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల అవశేష క్లోరిన్ ఉండవలెనన్నది భారతీయ ప్రమాణం. దీనిని పరీక్షించే చిన్న పెట్టె పంచాయతీ, గ్రామీణ నీటి సరఫరా సిబ్బంది వద్ద ఉంటుంది.

ఎంత స్థలం, ఎన్ని మరుగుదొడ్లు

పిల్లల గృహాలకు 2016 నాటి ఆదర్శ నియమాలు కొలతలతో సహా ప్రమాణాలను నిర్దేశించాయి. యాభై మంది పిల్లలుండే గృహంలో 25 మందికి ఒకటి చొప్పున వేయి చదరపు అడుగుల శయనశాలలు రెండు, స్నానాల గదులు ఐదు, మరుగుదొడ్లు ఎనిమిది ఉండవలెను. అనగా నిద్రించే చోట ఒక్కొక్క బిడ్డకు 40 చదరపు అడుగులు. పదడుగులు పొడవు, పన్నెండడుగులు వెడల్పు గల సాధారణ పడక గదిలో ముగ్గురికి మించి పిల్లలు ఉండరాదన్నమాట. ఈ లెక్కను చేతనుంచుకొని అద్దె ఇంటిలో అడుగుపెట్టిన తనిఖీ అధికారికి టేపుతో కొలిచే పని కూడా ఉండదు, పరుపులు లెక్కిస్తే సరిపోవును. పగటిపూట పరుపులు చుట్టి ఉంటాయి గనుక అవి ఎన్ని అన్నది ముఖ్యం. రోజుకు నాలుగు పూటల ఆహారం, రోగుల గది, సలహా గది, ఆటస్థలం కూడ ఆ నియమాలలో ఉన్నవి.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 20వ సెక్షన్ కొలతల జోలికి పోలేదు. బదులుగా అది మనిషి గౌరవాన్ని ప్రమాణంగా తీసుకొన్నది. పరిశుభ్రమైన పరిసరాలు, ఏకాంతం, పోషకాహారం, మహిళలకు నెలసరి సమయంలో కావలసిన వస్తువులు, చేసిన పనికి తగిన ప్రతిఫలం, ఇష్టమైనచో తన సొంత దుస్తులు ధరించే వీలు నివాసి హక్కులు. బలవంతంగా గుండు గీయించుట కూడదని ప్రత్యేకించి పేర్కొన్నది. పేలు, పరిశుభ్రత అన్న సాకుతో అందరికీ ఒకేసారి గుండు చేయించుట, అందరికీ ఒకే రంగు నైటీలు తొడుగుట అలవాటైన గృహాలు ఈ సెక్షన్‌ను ఒకసారి చదువుకొనవలసి ఉన్నది.

వృద్ధుల ఇండ్లలో గడపలు, తడి గచ్చు, చీకటి వరండా ప్రధాన శత్రువులు. తుంటి ఎముక విరిగిన వృద్ధులు మరల నడువలేక మంచానికే పరిమితమగుట తరచు జరిగేదే. మరుగుదొడ్డిలో పట్టుకొనుటకు గోడకు కడ్డీ, రాత్రంతా వెలిగే చిన్న దీపం, మంచంపట్టినవారిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పే మనిషి ఉన్నచో పుండ్లు, పడిపోవుటలు చాలావరకు తగ్గుతాయి. మందుల విషయం వేరే చెప్పవలసినది. అందరి మాత్రల షీట్లు ఒకే రేకు డబ్బాలో వేసి, ఆయా జ్ఞాపకం మీద పంచే పద్ధతి ప్రమాదకరం. ఎవరి పేరున వారి పెట్టె, ఏ పూటకు ఏ మాత్ర అన్న కాగితం ఉండవలెను. పింఛను పుస్తకం, ఆధార్ కార్డు, ఏటీఎం కార్డు నిర్వాహకుని బీరువాలో ఉన్నప్పుడు వాటికి రసీదు ఉన్నదా అని కూడా విచారించుట మంచిది.

తనిఖీ అనగా రిజిస్టరు కాదు

బిహార్‌లోని ముజఫర్‌పూర్ బాలికా గృహంలో 30 మందికి పైగా బాలికలపై లైంగిక అత్యాచారాలు జరిగినట్లు 2018లో వెల్లడైనది. అది నమోదైన గృహం, ప్రభుత్వ నిధులు పొందిన గృహం. శాఖాపరమైన సాధారణ తనిఖీలలో బయటపడని ఈ దారుణం, టాటా సామాజిక శాస్త్రాల సంస్థకు చెందిన 'కోశిశ్' బృందం జరిపిన సామాజిక తనిఖీలో బయటపడింది. సుప్రీంకోర్టు ఆదేశంపై విచారణ ఢిల్లీకి బదిలీ అయింది. 2020 జనవరిలో అక్కడి న్యాయస్థానం 19 మందిని దోషులుగా నిర్ధారించింది.

ఆ బృందానికి ప్రత్యేక అధికారాలు ఏమీ లేవు. వారు నివాసులతో మాట్లాడారు. ఈ ఒక్క భేదమే ఫలితాన్ని మార్చినదని భావించవచ్చును. తనిఖీ బృందం వస్తున్నదని ముందుగా తెలిసిన గృహంలో ఆ రోజు కొత్త దుప్పట్లు, కోడికూర, నిర్వాహకుడు పక్కన నిలుచుండగా పిల్లలు ముక్తకంఠంతో చెప్పే సమాధానాలు ఉంటాయి. బాలల న్యాయ చట్టం 54వ సెక్షన్ మూడు నెలలకొకసారి తనిఖీని తప్పనిసరి చేసింది. బృందంలో ముగ్గురికి తక్కువ కాకుండా సభ్యులు, వారిలో కనీసం ఒక మహిళ, ఒక వైద్యాధికారి ఉండవలెను. నివేదిక వారం లోపల జిల్లా మేజిస్ట్రేటుకు చేరవలెను. బృందంలో మహిళను, వైద్యాధికారిని చట్టం ఊరక కోరలేదు. బాలికలు ఎవరితో మాట్లాడగలరు, శరీరంపై గాయం కొత్తదా పాతదా అని ఎవరు చెప్పగలరు అన్న ఆలోచన దాని వెనుక ఉన్నది. వైద్యాధికారి సంతకం తరువాత తీసుకొందుములే అన్న ధోరణి ఆ ఉద్దేశాన్ని నిష్ఫలం చేస్తుంది.

తనిఖీకి పగలు కన్న సాయంత్రం ఏడు దాటిన తరువాత వెళ్ళుట మేలు. సిబ్బందిలో ఎవరు ఇంటికి వెళ్ళిపోయినారు, ఎవరు మిగిలినారు అన్నది అప్పుడే తెలుస్తుంది. హాజరు పట్టికలోని పేర్లను మనుషులతో సరిచూచుకొనవలెను. లేనివారు ఎక్కడున్నారో, గత సంవత్సరం వెళ్ళిపోయినవారు ఏ చిరునామాకు వెళ్ళినారో, మరణించినవారి విషయం పోలీసులకు, వైద్యులకు తెలిపినారో లేదో అడగవలెను. నివాసులతో విడిగా, సిబ్బంది వినబడనంత దూరంలో మాట్లాడవలెను. మాటలు రానివారి విషయంలో మంచం కింద, మణికట్టు వద్ద, చీలమండ వద్ద చూచినచో కట్టివేసిన గుర్తులు ఉన్నవో లేవో తెలిసిపోతుంది. సంస్థ సిబ్బంది బిడ్డను హింసించినచో ఐదేండ్ల వరకు కఠిన కారాగారం, ఐదు లక్షల వరకు జరిమానా విధించవచ్చునని 75వ సెక్షన్ చెబుతున్నది. లైంగిక నేరం జరిగినట్లు తెలిసియు తెలియజేయని వ్యక్తి, అధికారి అయినను, పోక్సో చట్టం కింద శిక్షార్హుడు.

ఇవే ప్రమాణాలు ప్రభుత్వ గృహాలకు కూడా వర్తిస్తాయన్న విషయం ఇక్కడ గుర్తుచేయుట అప్రస్తుతం కాదు. పొరుగున ఉన్న సర్కారు గృహంలో మరుగుదొడ్లు పనిచేయనప్పుడు స్వచ్ఛంద సంస్థకు నోటీసు ఇచ్చే అధికారి మాటకు విలువ తగ్గుతుంది.

మూసివేసిన తరువాత

లోపాలు బయటపడినప్పుడు గృహానికి తాళం వేయుట పత్రికలలో చర్యగా కనిపిస్తుంది. లోపల ఉన్నవారికి అది ఆ రాత్రి ఎక్కడ పడుకొందుమన్న ప్రశ్న. ఎర్వాడి గృహాల మూసివేత తరువాత వందలాది రోగులను ఒక్కసారిగా ప్రభుత్వం స్వీకరించవలసి వచ్చింది. వారందరినీ తిరిగి తీసుకువెళ్ళుటకు కుటుంబాలు సిద్ధంగా ఉన్నవని భావించలేము. అసలు ఆ గృహాలు పుట్టినదే ఇంటిలో చూచుకొనలేని పరిస్థితి నుండి కదా. అందుచేత మూసివేత ఉత్తర్వుకు ముందుగానే పిల్లల విషయంలో బాలల సంక్షేమ కమిటీ, మానసిక అస్వస్థుల విషయంలో మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు, వృద్ధుల విషయంలో రెవెన్యూ డివిజనల్ అధికారి, జిల్లా సంక్షేమ అధికారి కూర్చొని పేరు పేరునా ఎవరు ఎక్కడకు వెళ్ళవలెనో నిర్ణయించుకొనవలెను. వారి మందులు, వైద్య పత్రాలు, గుర్తింపు కార్డులు వారితోనే కదలవలెను. కుటుంబం లేదన్న కారణంగాగాని, కుటుంబం అంగీకరించలేదన్న కారణంగాగాని వ్యక్తిని సంస్థలో ఉంచరాదని, సమాజంలోనే జీవించే ఏర్పాటు ప్రభుత్వం చేయవలెనని 2017 నాటి చట్టం 19వ సెక్షన్ చెబుతున్నది. ఆటిజం, మస్తిష్క పక్షవాతం, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు గల పెద్దవారికి నేషనల్ ట్రస్టు 'ఘరౌందా' పథకం కింద సామూహిక గృహాలకు తోడ్పాటు లభిస్తుంది. అన్ని గృహాలూ మూసివేయదగినవి కావు. కిటికీ ఊచ మార్చుటకు, రాత్రి ఒక మనిషిని పెట్టుటకు గడువు ఇచ్చి, గడువు తీరిన మరునాడు మరల వెళ్ళి చూచినచో సరిపోయే గృహాలు అనేకం ఉన్నవి.

పాత్రికేయులకు సూచన

సంఘటన జరిగినప్పుడు గృహంలోని పిల్లల పేరు, ఫోటో, పాఠశాల, చిరునామా, గుర్తుపట్టుటకు వీలైన మరే వివరమైనను ప్రచురించుటను బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధించింది. ఉల్లంఘించినచో ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండును విధించవచ్చును. చికిత్సలో ఉన్న మానసిక అస్వస్థుని ఫోటోను, సమాచారాన్ని అతని అనుమతి లేకుండా మాధ్యమాలకు విడుదల చేయుటను 2017 నాటి చట్టం 24వ సెక్షన్ నిరోధిస్తున్నది. గృహం పేరు, నిర్వాహకుల బాధ్యత, నమోదు స్థితి, చివరి తనిఖీ ఎప్పుడు జరిగినది, ఆ నివేదికపై ఏమి చర్య తీసుకొన్నారు అన్న అంశాలను ప్రశ్నించుటకు మాత్రం ఎట్టి ఆటంకమూ లేదు.

గృహాలలోని పరిస్థితులపై ఎవరైనను సమాచారం ఇవ్వవచ్చును. పిల్లలకు సంబంధించి 1098, మానసిక ఆరోగ్య సలహాకు 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి–మానస్ సేవ 14416, వృద్ధులకు సంబంధించి 14567, అత్యవసర సమయాలలో 112 నంబర్లకు ఉచితంగా ఫోను చేయవచ్చును. వీటిలో వృద్ధుల సహాయవాణి తొలుత హైదరాబాద్‌లో టాటా ట్రస్టుల చొరవతో ఆరంభమై, 2021లో దేశమంతటికీ విస్తరించింది.